లోపల మడిచిన గుడ్డ

రేపల్లెలో మా పక్కింటి టైలర్ బాబాయి పోయారని మొన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. తెనాలిలో నేను పనిచేసే సెల్‌ఫోన్ల దుకాణం షట్టర్ సగం ఎత్తి ఉన్నాను. మళ్లీ దించేసి రైలెక్కాను. దారంతా కుదురుగా కూర్చోలేకపోయాను.

బాపట్లలో నా ఇంజనీరింగ్ చదువుకు బ్యాంకు అప్పు తీసుకుంటే, జామీను సంతకం పెట్టింది ఆయనే. నాన్న లేరు. మేనమామలు తలా ఒక సాకు చెప్పారు. బాబాయి మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి బ్యాంకుకు వచ్చారు.

కాలేజీకి నా మొదటి ప్యాంటు కుట్టిందీ ఆయనే. కాళ్ల దగ్గర బోలెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టారు. నేనింకా ఎదుగుతానా అని ఆటపట్టించాను.

"మడిచింది ఎక్కడికీ పోదు అబ్బాయ్. కావాల్సినప్పుడు విప్పుకోవచ్చు. చదువైనా అంతే" అన్నారు.

చదువైతే అయింది, దానికి తగ్గ ఉద్యోగం రాలేదు. ఫోన్లు అమ్మడానికి ఇంజనీరింగ్ దేనికని మా ఓనరే ఎగతాళి చేస్తాడు. వాయిదా దగ్గరపడితే నాకు ముందు బాబాయి మీదే కోపం వచ్చేది. ఆ సంతకం ఎందుకు పెట్టారని ఒకసారి అడిగేశాను కూడా. ఆయన మిషను ఆపలేదు.

"పెట్టకపోయుంటే అందుకు తిట్టేవాడివి. టీ తాగు" అన్నారు.

మసీదు దగ్గర, ఖననానికి ముందు చేసే జనాజా నమాజు మొదలయ్యేలోపు, ముస్లింల ఆచారం ప్రకారం, బాబాయి పెద్దకొడుకు జనం ముందుకొచ్చాడు. నాన్న ఎవరికైనా బాకీ ఉంటే తనకు చెప్పమని, తాను తీరుస్తానని అన్నాడు. గేటు పక్కన నిలబడ్డ నాకు బ్యాంకు అప్పే గుర్తొచ్చింది. నేను తీర్చేదాకా ఆ జామీను ఆయన మీద ఉన్నట్టే కదా. దగ్గరికి వెళ్లాను.

"బ్యాంకులో నా అప్పు ఒకటుందన్నా. అది నాదే, నేనే కడతాను. నాన్నగారి మీద ఉంచొద్దు."

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోయేముందు నాన్న బాకీలన్నీ చెప్పారు తమ్ముడూ. అందులో నీది లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ చదువు అంత అప్పుకు తగిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. బాబాయి నమ్మకానికి నేను తగినవాడినేనా అన్నది మాత్రం ఆ రోజు నుంచీ నన్ను నిలవనివ్వడం లేదు.

సాయంత్రం ఇంట్లో ఆ పాత ప్యాంటు వెతికి తీశాను. పైన రంగంతా వెలిసిపోయింది. మడత వేలితో తెరిచి చూస్తే, లోపలి గుడ్డ ఇంకా కొన్ననాటి నీలం రంగులోనే ఉంది. విప్పించుకుందామంటే ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో తెలియలేదు.