రాకెట్టులో మనిషిని వెతికిన యాదగిరి సారు

యాదగిరి సారు పరమపదించారన్న దుర్వార్త మొన్న ఉదయం హన్మకొండ బస్టాండులో తెలిసింది. చెప్పిన సహోద్యోగిని మీద నాకు కోపం వచ్చింది. ఇలాంటి మాట నడిబజారులో నిలబెట్టి చెబుతారా? ఎక్కవలసిన బస్సు కళ్లముందే వెళ్లిపోయింది.

వరంగల్లులో తరతరాల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించిన సారు, విజ్ఞాన కల్పనా కథల రచయితగానూ సుప్రసిద్ధులు. ఆయన కథలో రాకెట్టు లేచిందంటే వేగం, ఇంధనం, గ్రహాల దూరం పొల్లు పోకుండా సరిపోవలసిందే. ఆ విషయంలో పరమ ఛాందసులు. "మీ రాకెట్ల పోయెటోళ్లకు ఆకలి గాదా? ఇంటోళ్లు యాదికి రారా?" అని ఆయన భార్య సులోచనమ్మ గారు చాయ్ ఇస్తూ ఆటపట్టించేవారు. "జాగా లేదే, అన్ని మిషన్లే ఉన్నయ్" అని సారు నవ్వేవారు.

ఎనభైల తొలినాళ్లలో వారింట ఆదివారాలు కథాపఠనం జరిగేది. డిగ్రీ చదువుతున్న నేను అక్కడ నా మొదటి కథ చదివాను. అందులో చనిపోయిన తల్లి ఒక్క పూట తిరిగొచ్చి, ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశి దగ్గర కూతురి పక్కన కూర్చుంటుంది. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. చదవడం ముగియగానే ఒక ఇంజినీరు గారు, "సచ్చినామె ఎట్లొచ్చిందమ్మా? జర సైన్సు చెప్పు" అన్నారు. అందరూ నవ్వారు. ఇక జన్మలో కథ రాయకూడదనుకుని కాగితాలు చుట్టి లేచాను.

"కూసో బిడ్డా" అన్నారు సారు. తర్వాత ఇంజినీరు గారి వైపు తిరిగారు. "సచ్చినోళ్లు రారని నాకెర్కే. నా కథలల్ల ఒక్క లెక్క తప్పదు. కానీ అవి చదివి ఎవడన్న ఏడ్చిండా? రేపు కొత్త మిషను వస్తే నా కథ పాతదైతది. తల్లి మీద యాది పాతదైతదా? ఈ పిల్ల ఒక్క అబద్ధం చెప్పింది. అది ఒప్పుకుంటే మిగిలిందంత నిజమే."

అలాగని నన్ను ఊరికే వదిలారా? సభ ముగిశాక ప్రశ్నల వర్షం. "వచ్చినామెకు దూప అయితదా, నీళ్లు తాగుతదా? నీడ పడ్తదా? ఏదో ఒకటి అనుకో, కథ అయ్యేదాంక దాని మీదనే ఉండు." ఊహకు కూడా నియమం ఉంటుందన్న ఆ పాఠంతోనే ఈనాటికీ రాస్తున్నాను. ఒక పత్రిక ప్రత్యేక సంచికకు కథ అడిగితే, సిద్ధంగా ఉన్న తన కథను ఆపుకుని నా కథ పంపిన ఔదార్యం ఆయనది. ఆ రుణం తీరేది కాదు.

కిందటి నెల దవాఖానలో చూసినప్పుడు బాగా నీరసించి ఉన్నారు. సగం రాసిన కథ గురించి చెప్పారు. భూమిని విడిచి వెళ్లే ఓడ అది. "లెక్కలన్ని కుదిరినయ్ బిడ్డా. అండ్ల మనిషిని పెట్టుడే నాతోని అయితలేదు. నువ్వు పెట్టు."

"ఎవరిని పెట్టాలె సార్?" అన్నాను.

"నాకే తెలిస్తే నిన్నెందుకు అడుగుత?" అని నవ్వబోయి దగ్గారు.

అంతటి విద్వాంసుడు, అంతటి నిగర్వి ఓరుగల్లుకు మళ్లీ దొరకడం దుర్లభం. నా కృతజ్ఞతను ఏ పాదాల మీద ఉంచాలో తెలియక నిన్న ఆ కథ రాయడానికి కూర్చున్నాను. ఓడలో మనిషి దొరికాడు సారూ. భౌతికశాస్త్రం చెప్పుకునే పెద్దాయన. ఇల్లు యాదికొచ్చి ఏడుస్తున్నాడు.