బ్యాటరీకి చుట్టిన బొంత

గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో మా పక్క గదిలో ఉండే అక్కంటే నాకు కడుపుమంట. చలికాలం పొద్దున్నే కొండ కింద క్వారీ బండ్లన్నీ మొరాయిస్తుంటే, వాళ్లాయన పికప్ మాత్రం తాళం తిప్పగానే అందుకునేది. ఇంజను వేడిచేసే హీటరు కావాలని మా ఆయన అడిగితే, "ఈ ఎడారిలో హీటరా?" అని క్వారీ నడిపే ముదీర్ నవ్వాడట.

అక్క రోజూ సాయంత్రం బ్యాటరీ విప్పించి, గోనెసంచిలో పెట్టి, పొయ్యి గోడ పక్కన బొంత కప్పేది. పొద్దున దాన్ని తడిమి, "లేసినవా బిడ్డా?" అనేది. "పిల్లల్లేరుగా, దానికే జోల పాడుతోంది," అని నేను వెటకారం చేసేదాన్ని.

ఒకరోజు తెల్లారేసరికి మా పాప ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. మా బండి కదల్లేదు. ఏం తోచక పాప దుప్పటి తెచ్చి ఇంజను మీద కప్పాను.

"సల్లటిదాన్ని కప్పితే సల్లగనే ఉంటది చెల్లె. వేడిమీదున్నప్పుడే కప్పాలె," అంటూ అక్క తన బ్యాటరీ మోసుకొచ్చింది. మా ఆయన దాన్ని బిగించగానే బండి అందుకుంది.

"మరి అన్నయ్య డ్యూటీ?"

"ఇయ్యాల ఖలాస్. నువ్వు దవాఖానకు నడువు," అని బొంత పాపకు చుట్టింది. నా భుజం మీద రాత్రంతా ఆగని ఏడుపు ఆ వెచ్చదనంలో ఆగింది.

మూడోరోజు జ్వరం తగ్గింది. పాప దానికి మరిగిపోతుందేమోనని ఆ పూటే బొంత ఉతికి ఇచ్చేసి, పాపను నా చీరలో చుట్టుకున్నాను. పాప అక్క గది వైపు చేతులు చాచి ఏడ్చింది.