పల్లం వైపు పోసిన ఎర్రమట్టి

నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఒత్తులూ తప్పుతాయి. ఏమీ అనుకోకండి. మా కోడలు దీన్ని ఫొటో తీసి మన ఊరి గ్రూపులో పెడతానంది.

మట్టిపని మేస్త్రి గారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు.

మా ఆవిడ మోకాళ్ళకి డాక్టరు గారు నీళ్ళల్లో నడవమన్నారు. ఆవిడ కాలవలో దిగనంది. కోడలు నేల మీదే నిలబెట్టే ప్లాస్టిక్ స్విమ్మింగ్ పూల్ తెప్పించింది. మా పెరడేమో కాలవగట్టు నుంచి వాలు. చదును చెయ్యమని మేస్త్రి గారిని పిలిచాను.

ఆయన లోపలి నీళ్ళు కనపడే సన్న గొట్టంలో నీళ్ళు పోసి, రెండు కొసలూ రెండు కర్రలకి కట్టి మట్టం చూసేవారు. సరిపోయిందా అంటే, "నన్నడుగుతారేంటండీ, నీళ్ళనడగండి" అనేవారు. టీ ఇస్తే గ్లాసు కోసిన నేల మీద పెట్టి, "టీ కూడా ఒప్పుకుందండోయ్" అని నవ్వేవారు.

"ఎత్తు వైపే కొయ్యాలండి. పల్లంలో మట్టి పోస్తే నీళ్ళ బరువుకి కుంగిపోద్ది" అని రెండుసార్లు చెప్పారు.

ఎత్తు వైపు మా ఆవిడ కనకాంబరాల మడి ఉంది. ఇంకో జానెడు కొయ్యాలి. "అది నేను కోసుకుంటాలెండి" అని ఆయన్ని పంపేశాను. కొయ్యలేదు. మా మొక్కల సంచుల్లో నింపడానికి తెచ్చిన ఎర్రమట్టి పల్లం వైపు పోసి తొక్కాను.

పూల్ నింపిన మూడోరోజు అటువైపు కుంగింది. నీళ్ళన్నీ పక్క నర్సరీ మొక్కల మీద పడ్డాయి. జనం పోగయ్యారు. కబురందుకుని మేస్త్రి గారూ వచ్చారు.

"మట్టం చూశావా, మొహం చూసుకున్నావా మేస్త్రీ?" అన్నాడు నర్సరీ ఆయన.

మేస్త్రి గారు కుంగిన చోట మడమతో నొక్కారు. నల్లనేల మీద ఎర్రమట్టి పైకొచ్చింది. నావైపు ఒక్కసారి చూశారు.

"నా కొలతే తప్పిందండి" అన్నారు.

నేను వంగి, పడిపోయిన నర్సరీ మొక్కల్ని నిలబెట్టడం మొదలెట్టాను.

మర్నాడు పిలవకుండానే పార పట్టుకొచ్చి ఆ జానెడూ కోశారు. కనకాంబరాలని వేళ్ళతో సహా తీసి గట్టు మీద నాటారు. "బతుకుతాయిలెండి" అన్నారు. గొట్టం మా గోడ మేకుకి తగిలించి, "ఇంక నాకెందుకండీ" అని వెళ్ళిపోయారు. తర్వాత ఊళ్ళో మట్టానికి ఆయన్నెవరూ పిలవలేదు. ఆ చేతులతో ఇసుక తట్టలు మోశారు. ఎదురుపడితే "అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయండీ?" అని ఆయనే ముందు అడిగేవారు. చెప్పేద్దామనుకుంటూనే "పర్లేదండి" అని తప్పుకునేవాణ్ణి.

ఆయన కొలత తప్పలేదు. తప్పు నాది.

వచ్చే శుక్రవారం పెద్దకర్మ. ఈ కాగితం, ఆ గొట్టం వాళ్ళావిడ గారికి నా చేత్తో ఇస్తాను. ఆయన్ని మాటన్నవాళ్ళు, పని మాన్పించినవాళ్ళు మీరూ రెండు ముక్కలు రాస్తే అవీ చదివి వినిపిస్తాను.

ఇవాళ ఆ గొట్టంలో నీళ్ళు పోసి చూశాను. నేను కొసలు ఎగుడుదిగుడుగా పట్టుకున్నా నీళ్ళు రెండిట్లోనూ ఒక్క ఎత్తులోనే నిలబడ్డాయి.

శుక్రవారం లోపే రాయండి.