అమ్మతో కుప్పం ఇంటర్వ్యూకి

ఎం.ఏ. ఫిలాసఫీ అయ్యాక బి.ఎడ్. చేసి టీచరువి కమ్మని అమ్మ పట్టు. నేను చెప్పకుండా పరిశోధనకు దరఖాస్తు పెట్టాను. కుప్పం యూనివర్సిటీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. "ఒక్కదాన్నే పంపించేదిలేదు" అని అమ్మ కూడా బయల్దేరింది. ఒకప్పుడు కూలికి పోయిన అమ్మ, అప్పటికి నిమ్మనపల్లె బడిలో ఆయా.

ఉదయం ఆరింటికి మదనపల్లెలో పలమనేరు బస్సెక్కాం. పుంగనూరులో కాసేపు ఆపితే దిగి ఇడ్లీ తిన్నాం.

"నువ్వు సదివేది ఏందిమే? అడిగినోళ్లకి ఏమని సెప్పల్ల?" అంది అమ్మ.

"ముందు కాలంలో ఐరోపాలో కొందరు ఉండిరిమా. కండ్లు మోసం చేస్తాయి, పెద్దోళ్లు చెప్పింది తప్పు కావచ్చు, మరి దేన్ని నమ్మల్ల అనుకున్నారు. కల్లో అయినా రెండూ మూడూ అయిదే గదా. లెక్కల మాదిరి గట్టిగా తెలిసినదాంతో మొదలుపెడితే అన్నీ తెలుసుకోవచ్చన్నారు."

"దానికి ఉద్యోగమిస్తారా?"

పలమనేరులో బస్సు మారాం. వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదిన్నర దాటింది.

ఇంటర్వ్యూలో పెద్ద ప్రొఫెసర్ అడిగారు: "నువ్వు రాసిన ఐరోపా తాత్వికులు లెక్కల పద్ధతిలోనే దేవుణ్ణి కూడా రుజువు చేశామన్నారు. చేసినట్టేనా?"

"లేదు సార్. లెక్కల్లో పనికొచ్చిన పద్ధతి అక్కడ ఎందుకు పనికిరాలేదో, అదే తెలుసుకోవాలనుంది."

ఆయన నవ్వారు. "అయితే వచ్చి చేరమ్మా. మేమూ తెలుసుకుంటాం."

బయట మెట్ల మీద కూర్చున్న అమ్మకు చెప్పాను. కొంగు సర్దుకుని లేచింది.

"హాస్టలు యాడుందో సూసిపోదాం పా."

తిరుగు బస్సులో, వి.కోట దాటాక, అమ్మే కదిలించింది.

"పొద్దున నువ్వు సెప్పిన ఆయప్పలు కడాకు దేన్ని నమ్మినారు?"

"అన్నిటినీ అనుమానించొచ్చు, అనుమానించే నేను మాత్రం ఉండాల గదా అన్నాడుమా ఒకాయన. ఆలోచన ఉందంటే ఆలోచించే మనిషి ఉన్నట్టే."

"మరి నిద్రబోతే?"

నాకు నవ్వొచ్చింది. "దానిమీద శానామంది కొట్లాడుకున్నారుమా."

"ఏమని తేల్చినారు?"

తెలిసినంతా చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. బస్సు పుంగనూరు దాటినా అమ్మ ప్రశ్నలు ఆపలేదు.

మదనపల్లె నుంచి కుప్పం దూరమేమీ కాదు, బస్సులు బాగానే ఉన్నాయి. కానీ నా చదువు గురించి అమ్మా నేనూ మొదటిసారి మాట్లాడుకున్నది ఆ దారిలోనే.