సూరత్ డ్యూటీలో కందుకూరు పొగాకు

ఉధ్నా స్టేషన్‌లో దిగేసరికి తెల్లవారింది. కరోనా రెండో అల ఉధృతంగా ఉన్న ఎండాకాలం అది. ప్లాట్‌ఫాం మీద ప్రయాణికుల కంటే మా ఆర్మీ వైద్య దళం పెట్టెలే ఎక్కువ ఉన్నాయి. వాటిని ట్రక్కులోకి ఎక్కించి మేమూ ఎక్కాం. దారి పొడుగునా షట్టర్లు మూసి ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. సూరత్‌లో ఎండ కంటే ఉక్క ఎక్కువ. సముద్రం కనబడదు గానీ గాలి నిండా దాని తడే.

మాకొచ్చిన ఆర్డరు ఒక్క వాక్యం. పల్సానా రోడ్డులో తాత్కాలిక వార్డు నడపాలి, తిరిగి పిలిచేదాకా.

వార్డంటే ఒక బట్టల గోదాము. కొత్తగా కట్టింది, ఇంకా ఒక్క బేలు కూడా దించలేదు. రేకుల కప్పు, అరవై మంచాలు, గోడ పొడుగునా ఆక్సిజన్ గొట్టం, చివర రెండు వెంటిలేటర్లు. రోగులున్న భాగాన్ని రెడ్ అనేవాళ్ళం, బయటి భాగాన్ని గ్రీన్. రెడ్‌లోకి వెళ్ళాలంటే రెండు జతల గ్లోవ్స్, గౌను, రెండు మాస్కులు, గాగుల్స్, మణికట్టు దగ్గర టేపు. గుండె మీద మార్కర్‌తో పేరు. ఆరు గంటల షిఫ్టు. అయిపోయాక గ్లోవ్స్ విప్పితే వేళ్ళ సందుల్లోంచి చెమట నీళ్ళలా కారేది.

నేను హవల్దార్‌ని, నర్సింగ్ అసిస్టెంట్‌ని. మాది జగిత్యాల దిక్కు. మా డాక్టర్లు ఇద్దరు. ఒకరు మేజర్, మత్తు డాక్టరు. ఊపిరి ఆడనివాళ్ళ గొంతులోకి గొట్టం వెయ్యడంలో ఆయన చేతికి తిరుగులేదు. రెండోవారు కెప్టెన్, కేరళ అమ్మాయి, చదువు అయిపోయి ఎంతోకాలం కాలేదు. వీళ్ళు కాక ఒక సిగ్నల్‌మన్, ఒక డ్రైవరు, ఒక వంటవాడు, మాలాంటి అసిస్టెంట్లు కొందరు.

మేజర్ గారిది కందుకూరు. వాళ్ళ నాన్న పొగాకు రైతు. సాయంత్రం షిఫ్టు దిగి స్నానం చేశాక ఆయన ప్రహరీ దాటి, ఆక్సిజన్ ట్యాంకుకు బాగా దూరంగా, తుమ్మచెట్ల దగ్గరున్న సిమెంటు దిమ్మె మీద కూర్చునేవారు. జేబులోంచి పైపు తీసేవారు. నన్ను కూడా రమ్మనేవారు. ఆయనకి తెలుగు మాట్లాడే మనిషి కావాలి. నేను దూరంగా ఇంకో దిమ్మె మీద కూర్చునేవాణ్ణి.

మొదటిరోజే అడిగాను. "డాక్టరు గారై ఉండి ఇదేంది సర్?"

"తప్పేనయ్యా," అన్నారాయన. "మా ఇంట్లో అన్నం పెట్టింది ఈ ఆకే. రోజుకి ఒక్కసారి, ఒక్క పైపు. దానికి మించి పోనివ్వను."

ఆ పొగాకు ఆయన సొంతంగా కలుపుకున్నది. ఆకుని వేడిగాలికి ఆరబెట్టే వాళ్ళ బ్యారన్‌లో కాల్చిన వర్జీనియా ఆకులోంచి నిమ్మపండు రంగుది ఏరి, సన్నగా తరిగి, దానికి మూడోవంతు వినుకొండ వైపు పండే బర్లీ కలిపి, తేనె నీళ్ళు చిలకరించేవారు. డబ్బాలో ఒక వెనిల్లా కాయ పడేసేవారు. అంతే. "సెంటు పూసినట్టుండే పొగాకు నాకు గిట్టదు. ఆకు రుచి ముందుండాలి, సువాసన దాని వెనకాల నడవాలి," అనేవారు.

నేను బీడీలు చుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. తునికాకు, తంబాకు పొడి మధ్యనే పెరిగాను. నేను తాగను గానీ పొగాకు వాసన నా ముక్కుకి బాగా తెలుసు. ఇది వేరే. మూత తీస్తే ఎండిన ఇప్పపువ్వు గుర్తొచ్చేది. వెలిగించాక ఆ తీపి పలచబడి, వేయించిన పల్లీల వాసన వచ్చేది. ఘాటు ఉండదు, గొంతు గీరదు.

సూరత్ గాలి ఆ పొగాకుని కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఉక్కకి ఊరికే చెమ్మగిల్లేది. అందుకని ముందు ఒక చిటికెడు కాగితం మీద పరిచి ఆరబెట్టేవారు. వేళ్ళ మధ్య నొక్కితే ముద్ద కట్టకూడదు, పొడి కాకూడదు. చెమ్మగా ఉంటే పైపు అడుగున నీళ్ళు ఊరి గురగురలాడుతుంది. మరీ ఎండితే మంట వేడెక్కి నాలుక కొరుకుతుంది. అడుగున వదులుగా, పైన కొంచెం బిగువుగా నింపేవారు. ఒకసారి వెలిగించి, పైకి ఉబ్బిన ఆకుని అదిమి, మళ్ళీ వెలిగించేవారు. ఆ తర్వాత తొందర లేదు. పీల్చీ పీల్చనట్టు పీల్చేవారు. అలా తాగితే గంటసేపు చల్లగా కాలేది. చివరికి మిగిలేది తెల్లటి మెత్తని బూడిద.

ఒకసారి ఆయనే చెప్పారు. "ఈ సువాసన తాగేవాడికంటే పక్కన కూర్చున్నవాడికే ఎక్కువ తెలుస్తుంది. పొగ మధ్యలో ఉన్నవాడి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. నీ అదృష్టమయ్యా."

ఆ మాట వల్లే ఒక సంగతి పట్టుకోవడం మాకు ఒక రోజు ఆలస్యమైంది.

వార్డులో మా దిక్కు మనిషి ఒకాయన ఉండేవాడు. లింగయ్య. ఆ ఊళ్ళోనే భేస్తాన్‌లో ఉంటూ మరమగ్గాల మీద పనిచేసేవాడు. వయసు నలభై దాటింది. నా గుండె మీది పేరు హిందీలో ఉన్నా నా మాట విని పట్టేశాడు.

"తమ్మీ, నీది కరీంనగర్ దిక్కేనా?"

"జగిత్యాల్."

"అయితే మనోడివే. జర ఒక్క బీడీ తెచ్చియ్యరాదు."

"అన్నా, నీ ముక్కుకు ఆక్సిజన్ ఉన్నది. అగ్గిపుల్ల గీస్తే మనం గోదాముతోని లేస్తం."

నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్‌లో అంకె పడిపోయింది. బోర్లా తిప్పి పడుకోబెట్టాను. "గిట్ల పండుకుంటే మా అవ్వ కొట్టేది, చెడ్డదని," అని గొణిగాడు. అంకె మెల్లగా పైకొచ్చింది. రెండు రోజులు అలాగే లాక్కొచ్చాం.

ఆ రెండో రోజు సాయంత్రం మేజర్ గారు పైపు వెలిగించి నాలుగు దమ్ములు లాగి ఆపేశారు.

"పొగాకు చచ్చిపోయిందయ్యా. నిన్న కూడా ఇంతే. వట్టి వేడిగాలి తాగినట్టుంది. ఈ ఊరి చెమ్మకి పాడైపోయినట్టుంది."

నాకు ఇప్పపువ్వు వాసన ఎప్పటిలాగే వస్తోంది. నిన్న ఆయన ఇలాగే అన్నప్పుడూ, ఇప్పుడూ, తాగేవాడికి తక్కువ తెలుస్తుందన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. అంతలో గాలి మళ్ళింది. పాండేసర వైపు బట్టలకి రంగులు వేసే మిల్లుల కంపు ఆవిరి ఒక్కసారిగా మీదికొచ్చింది. దూరంగా ట్రక్కు తుడుస్తున్న డ్రైవరు ముక్కు మూసుకుని, "బహుత్ బద్‌బూ హై సాబ్," అని అరిచాడు. నాకు కళ్ళు మండాయి.

మేజర్ గారు అటూ ఇటూ చూశారు. "దేని వాసన?"

వార్డులో ఎంతమందికో ముందు ఇలాగే వాసన పోయింది. ఆయన పై అధికారి. నేను హవల్దార్‌ని. పైగా ఆయనకేమైనా అయితే వార్డులో గొట్టం వేసే చెయ్యి లేదు. కానీ చెప్పక తప్పదు.

"సర్, పొగాకు మంచిగనే ఉన్నది. నాకు వాసనొస్తున్నది. డబ్బా ఒక్కసారి చూడుండ్రి."

ఆయన డబ్బా తెరిచి ముక్కుకి ఆనించుకున్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చారు. మూత పెట్టారు. పైపులో నిప్పు అదిమి ఆర్పారు.

"టీకా రెండు సూదులూ వేసుకున్నామయ్యా," అన్నారు.

"అవును సర్."

జేబులోంచి ఆక్సీమీటర్ తీసి వేలికి పెట్టుకున్నారు. తొంభై మూడు. ఒళ్ళు నొప్పులు అలసట వల్ల అనుకున్నానన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "లోపల అందరికీ ఉన్నదే కదా. సూట్ వేసుకుని నేను లోపలికెళ్తే ఎవరికి అంటిస్తాను?"

"లోపలోళ్ళకు కాదు సర్. సూట్ ఇప్పేకాడ మేమున్నం. మెస్‌ల డ్రైవరున్నడు, సిగ్నల్‌మన్ ఉన్నడు. ఇంకోటి, గొట్టం ఏసేటప్పుడు మీకే కండ్లు తిరిగితే?"

ఆయన నావైపు చూసి తల ఊపారు. "సరే. నన్ను అడ్మిట్ చెయ్యి."

గోదాము వెనక సామాను గది ఖాళీ చేసి మంచం వేశాం. సిలిండరు పెట్టాం. మేమంతా టెస్టులు చేయించుకున్నాం. ఎవరికీ రాలేదు. బయట, అంత దూరంగా కూర్చోవడం మమ్మల్ని కాపాడింది.

మర్నాడు పొద్దున పదింటికి లింగయ్య అంకె పడిపోయింది. బోర్లా పడుకోబెట్టినా లేవలేదు. పెదవులు నల్లబడ్డాయి. కెప్టెన్ సామాను సిద్ధం చేసుకుంది. ఆమె గొట్టాలు వేసింది తక్కువ, అవీ పక్కన పెద్దవాళ్ళు నిలబడితే వేసినవి. ఇంకో అసిస్టెంటు వాకీటాకీని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు. రెండో సెట్టు సామాను గదిలో మేజర్ గారి చేతిలో ఉంది. వాళ్ళు హిందీలో మాట్లాడుకున్నది తెలుగులో చెబుతున్నాను.

"గ్రీన్ నుంచి రెడ్‌కి. వినబడుతోందా కెప్టెన్? ఓవర్."

"వినబడుతోంది సర్. ఓవర్."

"తల కింద దుప్పటి మడత పెట్టించు. చెవి, రొమ్ము ఒకే ఎత్తులో ఉండాలి. ఓవర్."

పెట్టాను. లింగయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏం జేస్తుండ్రు తమ్మీ?"

"నిద్ర పోతవన్నా. లేషేసరికి మేం ఈడనే ఉంటం."

మందు ఎక్కింది. చెయ్యి వదులైంది. కెప్టెన్ అతని నోరు తెరిచి, గొంతులో దారి చూడ్డానికి ఇనుప బ్లేడు పెట్టింది.

"ఏం కనబడటం లేదు సర్. గాగుల్స్‌కి ఆవిరి పట్టింది. ఓవర్."

"బయటికి తియ్యి. హవల్దార్, మాస్క్ పెట్టి గాలి కొట్టు." మధ్యలో దగ్గొచ్చింది ఆయనకి. ఆగారు. "గాగుల్స్ కింది అంచు తేటగా ఉంటుంది కెప్టెన్. గడ్డం ఎత్తి అక్కణ్ణుంచి చూడు. తొందర లేదు. ఓవర్."

నేను మాస్కుకున్న రబ్బరు సంచి నొక్కుతూ గాలి కొట్టాను. అంకె కొంచెం ఎక్కింది. ఆమె మళ్ళీ వంగింది. గడ్డం ఎత్తింది.

"దారి కనబడింది సర్."

"ఇంకేం. వెయ్యి."

వేసింది. రొమ్ము రెండువైపులా సమంగా లేచింది. "వేశాను సర్. ఓవర్," అని చెప్పి ఆమె మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. అటునుంచి దగ్గు వినబడింది.

ఆ తర్వాత మేజర్ గారి వంతు వచ్చింది. వారం పైన బోర్లా పడుకున్నారు. ఒక దశలో రెండో వెంటిలేటరు తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాం. ఆ గదిలో రేకుల వేడికి ఫ్యాను గాలి కూడా కాలేది. "మా బ్యారన్‌లో ఆకు పడే బాధేంటో ఇప్పుడు తెలిసిందయ్యా," అన్నారు ఒకసారి, మాస్కు లోంచి. ఆ మాటతో నాకు ధైర్యమొచ్చింది. వెంటిలేటరు అవసరం పడలేదు. ఈలోగా కెప్టెన్ ఇంకో నలుగురికి గొట్టాలు వేసింది. ఇద్దరు దక్కలేదు. లింగయ్య దక్కాడు. గొట్టం తీశాక మూడు రోజులు గొంతు పెగల్లేదు. భార్య వచ్చి ఆటోలో భేస్తాన్ తీసుకెళ్ళింది. ఎక్కేటప్పుడు కెప్టెన్‌కి తెలుగులోనే దండం చెప్పాడు. ఆమె మలయాళంలో ఏదో అంది.

మేజర్ గారు లేచి తిరిగారు. ఊపిరి కుదుటపడింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ, సబ్బు, స్పిరిట్, ఏదీ తెలియదు. అన్నం రంగు చూసి తింటున్నానన్నారు.

వార్డు మూసేసిన సాయంత్రం నన్ను దిమ్మెల దగ్గరికి పిలిచారు. పైపు మూతి స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టి ఉంచారు.

"నేను ఇక తాగనయ్యా. ఈ ఊపిరితిత్తులతో తాగకూడదు. ఒక్కసారి నువ్వు వెలిగించు. ఎలా ఉందో చెప్పు."

"నాకు అలవాటు లేదు సర్."

"పీల్చకు. నోట్లోకి తీసుకుని వదిలెయ్యి. ఇది ఆర్డరు కాదు."

చిటికెడు తీసి వేళ్ళ మధ్య నొక్కాను. ముద్ద కట్టలేదు. ఆయన చెప్పినట్టే నింపి, వెలిగించి, అదిమి, మళ్ళీ వెలిగించాను.

"చెప్పు."

"ముందు తియ్యగున్నది సర్. బెల్లం లెక్క కాదు. ఎండిన గడ్డివాము పక్కపొంటి పోతే వస్తది చూడుండ్రి, గట్ల."

"వర్జీనియా. నాలుక మండుతోందా?"

"లేదు సర్. ఎచ్చగున్నదంతే."

"మెల్లగా లాగు. ఇప్పుడు?"

"పల్లీలు. పెంక మీద ఏంచిన పల్లీలు, పొట్టుతోని."

"బర్లీ అది. మరి వెనిల్లా?"

వెతికాను. నోట్లో లేదు. పొగ వదిలాక ముక్కు చివర ఏదో తగిలి పోయింది. "ఉన్నది సర్. పాలు కాగి మీగడ కట్టేటప్పుడు వస్తది కదా, గంత సన్నగ."

నేను సగం వరకూ తాగాను. కింద కొంచెం చేదెక్కిందని చెప్పాను. "నాన్న ఆకు ఎప్పుడూ చివర చేదెక్కుతుంది," అన్నారు. అంతలో సిగ్నల్‌మన్ లోడింగ్‌కి పిలిచాడు. కాలుతున్న పైపుని దిమ్మె మీద పెట్టి లేచాను.

రాత్రి రైలెక్కాం. తర్వాత మూడేళ్ళకి రిటైరై ఊరొచ్చాను. ఇక్కడివాళ్ళు నన్ను సరిహద్దు గురించి అడుగుతారు, మంచు గురించి అడుగుతారు. చెబుతాను. మంచులోనూ ఉన్నాను, తుపాకీ చప్పుళ్ళూ విన్నాను. వాటిలో చాలా మరిచిపోయాను.

మరిచిపోనిది ఒకటుంది. ఆ సాయంత్రం ప్రహరీ గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మేజర్ గారు నేను కూర్చున్న దిమ్మె ముందు వంగి నిలబడి ఉన్నారు. పైపులోంచి సన్నగా పొగ లేస్తోంది. ఆయన రెండు అరచేతులూ ఆ పొగ మీదికి చాపి, దోసిట్లోకి తీసుకుని, హారతి కళ్ళకద్దుకున్నట్టు ముఖానికి అద్దుకున్నారు. ఆగారు. మళ్ళీ చేతులు చాపారు.