మా మామ పెద్దల్లుడు

ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో డ్యూటీకి బయల్దేరుతున్నాను. నా భార్య ఎత్తింది. "బావ పోయినాడంట. గుండెపోటంట" అంటూ గోడకు ఆనుకుని కూలబడింది. బావ అంటే వాళ్లక్క భర్త, నాకు తోడల్లుడు. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన మీద ఉన్నంత అసూయ నాకు ఇంకెవరి మీదా లేదు. మనిషి పోయాక అదీ పోతుందనుకున్నాను. పోలేదు.

ఇద్దరిదీ ఒకే పని. ఆయన ఎమ్మిగనూరులో ఒక కాలేజీలో, నేను ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అందరి ఫైళ్లూ ఉండే పెద్ద కంప్యూటర్లు, లినక్స్ సర్వర్లు, చూసుకునేవాళ్లం. చెప్పే జాగ్రత్తలూ ఒకటే. కాకపోతే నేను చెబితే ఉపన్యాసం, ఆయన చెబితే మాట. గోనెగండ్లలో సేద్యం చేసుకునే మా మామకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. ఒకరోజు నా ఎదుటే ఎవడో బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేశాడు. "నువ్వు యాడ నుంచి మాట్లాడితే నాకేమప్పా? మా పెద్దల్లుడు ఎవురికీ సెప్పొద్దన్నాడు" అని మామ పెట్టేశాడు. మోసం తప్పినందుకు సంతోషించాలి. నేను ఆ 'పెద్దల్లుడు' దగ్గరే ఆగిపోయాను.

ఆసుపత్రి సర్వర్‌లోకి పాస్‌వర్డ్‌తో రావడం ఆపేసి, కీ ఫైలు ఉంటేనే లాగిన్ అయ్యేలా నేను మార్చిన రోజు ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. పని అయిందని, సర్వర్‌కు ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండో మూయబోయాను.

"మూయొద్దప్పా. అది అట్లే ఉండనీ. ఇంకోటి తెరిసి, లోపలికి పోతాదో లేదో సూడు. పోతే అప్పుడు దీన్ని ముయ్యి."

కొత్తది లోపలికి పోలేదు. కీ ఉన్న ఫోల్డర్‌కు అనుమతులు మరీ వదులుగా, ఎవరైనా మార్చగలిగేలా ఉన్నాయి; అందుకే సర్వర్ ఆ కీని ఒప్పుకోలేదు. పాతది తెరిచే ఉంది కాబట్టి సరిచేసుకోగలిగాను. లేకుంటే నా సర్వర్‌కు నేనే బయటివాణ్ణి. నవ్వుతాడేమోనని చూశాను. టీ అడిగాడు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ అలవాటు మాత్రం అప్పటినుంచీ నా చేతుల్లో ఉండిపోయింది.

పోయిన వానల్లో ఒక ఉదయం ఆసుపత్రిలో ఏ రిపోర్టూ తెరుచుకోలేదు. ఎవరో మెయిల్లో వచ్చిన ఫైలు తెరిచారు. అందులోని వైరస్ ఆ కంప్యూటర్ నుంచి పాకి సర్వర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసింది. విప్పాలంటే డబ్బు పంపమని తెర మీద బెదిరింపు. ఆపరేషన్‌కు సిద్ధం చేసిన ఒక ముసలామె స్కానింగ్ రిపోర్టు అందులోనే చిక్కుకుంది. నా భార్య నన్నొక మాటైనా అడక్కుండా బావకు ఫోన్ చేసింది. ఆయన బస్సు దిగి నేరుగా వచ్చాడు.

నెట్‌వర్క్ కేబుళ్లు నేను అప్పటికే పీకేశాను. వారం వారం పని అయ్యాక ఏ మిషన్‌కూ తగిలించకుండా బీరువాలో దాచే బ్యాకప్ డిస్కు, ఫైళ్ల నకళ్లున్నది, చేతిలో ఉంది. ఆత్రంలో దాన్ని ఆ సర్వర్‌కే తగిలించబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"కాలుతాండే ఇంట్లోకి కొత్త బట్టలు తీస్కపోతామా అప్పా? ముందు వేరే మిషన్ తెప్పించు."

వేరే మిషన్‌లో లినక్స్ కొత్తగా ఎక్కించాం. డిస్కును చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలించి, కాపీ చేసుకున్నాం. మధ్యాహ్నానికి రిపోర్టు తెరుచుకుంది. ముసలామెకు ఆపరేషన్ జరిగింది.

డాక్టరు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "నువ్వు రాకుంటే ఏమయ్యేదన్నా!"

"నేనేం సేసినా సార్? బ్యాకప్ పెట్టింది మా తమ్ముడు. పెట్టి ఊరుకోలేదు, వారం వారం తెరిసి సూసుకున్నాడు. తెరిసి సూడని బ్యాకప్ ఉన్నా లేనట్లే సార్."

డాక్టరు నాకేసి తలూపి, మళ్లీ ఆయన వైపే తిరిగాడు. "ఎంత మంచోడివన్నా నువ్వు!"

నాకు రావలసిన మెప్పు ఆయన నాకే ఇచ్చాడు. ఇచ్చినందుకు వచ్చిన మెప్పు మళ్లీ ఆయనకే పోయింది. సాయంత్రం బస్సు ఎక్కించాను. "బాగా సేసినావప్పా" అన్నాడు కిటికీలోంచి. ఎవరూ అనకపోయినా ఆయన అంటే చాలని నేను ఇన్నేళ్లూ కాచుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. అదీ కోపంగానే ఉండింది.

కర్మకాండ అయ్యాక వదిన నన్ను ఎమ్మిగనూరుకు పిలిపించింది. పిల్లల ఫొటోలన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నాయట. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాడు. పాస్‌వర్డ్ లేకుంటే నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరని చెప్పాను.

"నాకు తెలుసప్పా. నేను కొడతా. నువ్వు అట్ల తిరుగు" అంది వదిన. "పక్కన ఎవురున్నా తిరగమని సెప్పల్ల అన్నాడు మీ అన్న."

పాస్‌వర్డ్ ఒక మాటగా కాదు, మనకే గుర్తుండే పొడుగాటి వాక్యంగా ఉండాలని మా పనిలో అందరం చెబుతాం. నా వాక్యం నా భార్యకు తెలియదు.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఒక్కో అక్షరం ఆగి ఆగి పడుతోంది. ఒక మాట అయింది, ఇంకో మాట మొదలైంది. మధ్యలో ఆమె సన్నగా నవ్వినట్టు వినిపించింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మళ్లీ అక్షరాలు. ఆ వాక్యం ఎంతకీ అయిపోవడం లేదు.