అక్క కోసం ఏరిన తమ్ముడు

మాది మేనరికం. మేనమామ కొడుకుని, మా బావనే చేసుకున్నాను. మా మావయ్య పెడనలో మగ్గం నేసేవాడు. పరాయి సంబంధం తెస్తే వాళ్ళింట్లో ఏ రోగాలున్నాయో ఏమో, ఈ పిల్లయితే మన కళ్ళముందే పెరిగింది కదా అని పట్టుబట్టి చేయించాడు. తీరా చూస్తే మా ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపం దాక్కుని ఉంది. పెద్దది పుట్టి ఏడాది తిరక్కముందే పాలిపోయింది. తలసేమియా అన్నారు. అప్పటినుంచి రక్తం తగ్గినప్పుడల్లా బస్సెక్కి విజయవాడ వెళ్ళడం, ఎవరిదో రక్తం ఎక్కించుకుని ఇంటికి చేరడం.

దానికి ఏడేళ్ళప్పుడు డాక్టరమ్మ ఓ దారి చెప్పింది.

"ల్యాబులో పిండాలు తయారుచేసి పరీక్షిస్తామండీ. జబ్బు లేనిది, పాప ఎముకల్లోని మూలుగకి సరిపోయేది చూసి మీ కడుపులో పెడతాం. ఆ బిడ్డ మూలుగ ఎక్కిస్తే పాపకి నయం కావచ్చు."

"మిగతావి?" అన్నాను.

"పక్కన పెట్టేస్తామండీ."

మా బావకి చీరల కొట్టు ఉంది. చీరని వెలుతురుకి పట్టి చూసి, లోపముంటే సెకండ్స్ కుప్పలో వేస్తాడు. ఆ కుప్పే గుర్తొచ్చింది. ఈ పరీక్ష అప్పట్లో చేయించి ఉంటే నా పెద్దది కూడా అందులోనే ఉండేది. అయినా సరేనన్నాను. పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది మరి.

మా అత్తకి ఇదంతా వేరేలా అర్థమైంది. "ఎలాగూ ఏరుతున్నారుగా అమ్మాయ్, కాస్త తెల్లగా, పొడుగ్గా ఉండేది చూడమను. ర్యాంకు కూడా వచ్చేదైతే కోచింగుల బాధ తప్పుద్ది" అంది. అందరం నవ్వాం. అలాంటివి చెయ్యరత్తా అన్నాను. రేపెవరైనా చేస్తామని బోర్డు పెడితే మా వీధి వీధంతా వరసలో నిలబడుతుంది, అందరికంటే ముందు మా అత్త ఉంటుంది.

బాబు పుట్టాడు. అక్కకి ఎక్కించడానికి బొడ్డుతాడు రక్తం చాలలేదు, మూలుగే కావాలి, కొంచెం బరువు పెరగనివ్వండి అన్నారు. ఇక నన్ను భయం పట్టుకుంది. వాడు అన్నం తింటుంటే నేను చూస్తున్నది వాడి ఆకలినా, బరువునా? వాడికి జలుబు చేస్తే నా గుండె ఎవరికోసం కొట్టుకుంటోంది? నన్నెందుకు కన్నావని రేపు వాడు అడిగితే ఏం చెప్పను? బావతో అంటే, "మనల్ని మాత్రం అడిగి కన్నారా ఎవరన్నా?" అన్నాడు. మాట బాగానే ఉంది, భయం మాత్రం పోలేదు.

మొన్న మూలుగ తీసే రోజు ఖాయం చేశారు. ముందుగా పరీక్షలకి రక్తం తీయాలంటే ఇద్దర్నీ తీసుకెళ్ళాం. పెద్దదానికి అలవాటే. నర్సు రాగానే మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. నా ఒళ్ళో ఉన్న చిన్నవాడు అక్కని చూసి తనూ చాపాడు. వాడికింకా మాటలు సరిగ్గా రావు. కిలకిలా నవ్వుతున్నాడు.

"వీడికి భయమే లేదండీ. అక్కకి ఇస్తానంటున్నాడు" అంది నర్సు.

అక్క నవ్వలేదు. "వాడు ఆటనుకుంటున్నాడాంటీ" అంది. తర్వాత నావైపు తిరిగి, "సూది నొప్పెడుద్దని వాడికి చెప్పమ్మా" అంది.

నేను చెప్పలేదు. చెప్పినా వాడికి అర్థం కాదు. అర్థమైతే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అప్పుడా చెయ్యి పట్టుకుని మళ్ళీ ముందుకి చాపించేది నేనే. నా భయమంతా అదే.